దబ్బనమ్మ తాతగారి మిల్లు పడవ

రేవులో వలల షెడ్డు మీద రేకులు వేయించింది ఎవరని అడిగితే చిన్నపిల్లలు కూడా దబ్బనమ్మ అనే చెబుతారు. ఎవరూ అడక్కపోతే ఆవిడే చెబుతుంది. తల్లిదండ్రులు పెట్టిన పేరు వేరే ఉంది. చేతిలో వల సూది, నోట్లో అంతకన్నా వాడి నాలుక ఉండేసరికి ఊరు ఈ పేరు ఖాయం చేసింది. ఆవిడ కాదనలేదు. గుచ్చేదీ దబ్బనమే, చిరిగినదాన్ని కలిపేదీ దబ్బనమే కదా అని ఆవిడ వాదన.

చదివింది రేవు వెనక ఒంటిగది బడిలో అయిదో తరగతి. ఆ చదువుతోనే వలలు బాగుచేసే ఆడవాళ్లకి ఒక సంఘం పెట్టింది. ఎండలో ఇసక మీద కూర్చుని పనిచేసేవాళ్లకి షెడ్డు సాధించింది. షెడ్డుకి కరెంటు, కరెంటుకి ఫ్యాను, ఫ్యాను చెడిపోతే బాగుచేయించే దిక్కు, అన్నీ ఆవిడే. నైలాను వలలు కొత్తగా వచ్చినప్పుడు, ముడి జారిపోతోందని మగవాళ్లు చేతులెత్తేస్తే, దారాన్ని ఇంకో చుట్టు తిప్పి జారని ముడి వేసి చూపించింది. ఆ ముడిని ఇవాళ్టికీ దబ్బనం ముడి అనే అంటారు. మొగుడు పోయాక ఒక్కత్తే కూతుర్ని పెంచి, రెండు పడవలూ ఒక మేడా ఉన్న ఇంటికి కోడల్ని చేసింది.

ఇన్ని సాధించిన మనిషికి ఊళ్లో ఒక్క విషయంలో మాత్రం నోరు లేవదు. అది తాత విషయం.

తాత అంటే అమ్మకి నాన్న. తెరచాపల రోజుల్లో, ఈ రేవులో ఇంజను పడవ ఎలా ఉంటుందో ఎవరూ చూడని కాలంలో, ఆయన మూతబడ్డ పిండిమిల్లు ఇంజను కొని తన పడవలో ఎక్కించాడు. మిల్లులో బెల్టు తిరిగే ఇనప చక్రం ఒకటి ఉంటుంది, బండి చక్రమంత. అది ఇంజనుకి బిగుసుకుపోయి ఎంత కొట్టినా ఊడి రాలేదు. సరే, ఉండనీ అని దానితోపాటే ఎక్కించేశాడు. ఊరు ఊరుకుంటుందా? "పడవ బాగానే ఉంది గానీ పిండి ఎక్కడ పట్టిస్తావయ్యా?" అన్నారు. దానికి మిల్లు పడవ అని పేరు పెట్టారు. నవ్వినవాళ్లంతా గాలి కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే, ఆయన డుబుకుడుబుకుమంటూ వెళ్లి చేపలతో ముందే ఒడ్డుకొచ్చేవాడు.

ఒకరోజు ఇంజను బాగుచేయించాడు. సరిగ్గా నడుస్తోందో లేదో చూసొస్తానని, పనివాళ్లు రాకముందే ఒక్కడే బయల్దేరాడు. మధ్యాహ్నానికి గాలివాన. మిగతా పడవలు ఒకటొకటిగా తిరిగొచ్చాయి. మిల్లు పడవ రాలేదు. వెతికారు. చెక్కముక్క కూడా తేలలేదు.

కొన్నాళ్లకి ఎవరి మేనమామో ఎక్కడికో వెళ్లొచ్చి, వేరే రేవులో ఆయన్ని చూశానన్నాడు. పడవ అమ్ముకున్నాడట, బంగారు పన్ను కట్టించుకున్న ఆవిడతో కాపురం పెట్టాడట. ఎవరు చెప్పారో, చూసినవాడు నిజంగా చూశాడో లేదో ఎవరూ అడగలేదు. మునిగాడన్న మాటకన్నా పారిపోయాడన్న మాటకి రుచెక్కువ. అప్పటికి ఒకటో తరగతి చదువుతున్న దబ్బనమ్మ తల్లి, ఆనాటి నుంచి పారిపోయినాయన కూతురైంది. బడిలో ఆ పేరే, పెళ్లిలో ఆ పేరే. ఇప్పుడు ఎనభై దాటినా ముసలివాళ్ల నోట ఆ పేరే.

అసలు తిక్క రేగేది ఎక్కడంటే, ఆ తల్లి కూడా దాన్నే నమ్మింది. ఇల్లు కారితే, "ఆ పెద్దమనిషి అక్కడ పెంకుటింట్లో కాలు మీద కాలేసుకుని కూర్చుని ఉంటాడు" అనేది. ఒంట్లో బాగోకపోతే, "ఆ బంగారు పన్నుది కాళ్లు పిసుకుతూ ఉంటుంది ఆయనకి" అనేది. బతికుంటే ఆయనకి నూట పాతికేళ్లుంటాయమ్మా అంటే, "పాపిష్టివాళ్లకి ఆయుష్షెక్కువే" అనేది. ఇంట్లో ఆయన పేరు పలికేది కాదు. ఎప్పుడూ "ఆ పెద్దమనిషి", అంతే.

ఇంతలో రేవు కమిటీవాళ్లు సముద్రంలో పోయినవాళ్ల పేర్లతో ఒక రాతి పలక నిలబెడదామని తీర్మానించారు. దబ్బనమ్మ సెక్రటరీ దగ్గరికెళ్లింది. ఆ సెక్రటరీ ఆవిడ చేత చిన్నప్పుడు ముక్కు తుడిపించుకున్నవాడే.

"పిన్నిగారూ, మీరంటే నాకెంత గౌరవమో తెలుసు కదా," అని మొదలుపెట్టాడు.

అలా మొదలుపెట్టాడంటే పని కాదని అర్థం.

"గౌరవం నీ దగ్గరే ఉంచుకో. మా తాత పేరు రాస్తున్నావా, లేదా?"

"అది సముద్రంలో పోయినవాళ్ల రాయి కదండీ. తాతగారి విషయంలో... నలుగురూ నాలుగు రకాలు అనుకుంటారు."

"నలుగురూ కాదు, నీ ఒక్కడి నోటితో చెప్పు. పారిపోయాడంటావా?"

"నేనలా అంటానా? ఏదైనా ఆధారం ఉంటే చూపించండి. సోమవారం రాయి చెక్కడం మొదలెడతారు. ఆలోగా ఏదైనా ఒక్క ముక్క."

"షెడ్డుకి రేకులు వేయించినప్పుడు నన్నెవరూ ఆధారం అడగలేదురా."

"రేకులు కనిపిస్తాయి కదా పిన్నిగారూ," అన్నాడు సెక్రటరీ, ఫైలు మూస్తూ.

ఆవిడ గిరుక్కున వెనక్కి తిరిగింది. ఒకరి చేత మాట అనిపించుకోవడం ఆవిడకి ఒంటికి పడని విషయం. ఆ కోపం ఇంటికొచ్చి గిన్నెల మీద చూపించింది.

అదృష్టమో ఏమోగాని, అప్పుడే ఒక సర్వే పడవ రేవులో ఆగి ఉంది. పెద్ద ఓడలు రావడానికి దారి లోతు చేస్తారట, ముందు ఆ దారిలో సముద్రం అడుగు బొమ్మ తీస్తున్నారు. శనివారం వెళ్లిపోతారు. దబ్బనమ్మ ఒడ్డు నుంచి వేసిన చెక్క మీదుగా నడుచుకుంటూ పడవెక్కి, కళ్లజోడు పెట్టుకున్న సర్వే ఆఫీసరు ఎదురుగా తాళ్లచుట్ట మీద కూర్చుంది. సంఘం దగ్గర్నుంచి ఫ్యాను దాకా తన సంగతులన్నీ చెప్పి, ఆ తర్వాత తాత సంగతికొచ్చింది. పాపం, ఆయన మంచివాడు. చివరిదాకా విన్నాడు.

"అమ్మగారూ, ఎక్కడ మునిగిందో చెప్పండి, పోతూ పోతూ ఒకసారి చూస్తాం. చోటు తెలియకుండా సముద్రమంతా వెతకమంటే గడ్డివాములో సూది వెతకమన్నట్టే."

"సూదులు వెతకడం నాకు తెలిసిన పనే. చోటు నేను చెబుతాను," అందావిడ.

మునిగిన పడవ ఉన్నచోట చేపలు చేరతాయి, వల అడుగున తట్టుకుని చిరుగుతుంది. ఇది రేవులో పుట్టిన ప్రతివాడికీ తెలుసు. మర్నాడు రేవులో ముసలి పడవవాళ్లందర్నీ షెడ్డులో కూర్చోబెట్టి టీలు ఇప్పించి, మీ వలలు ఎక్కడెక్కడ తట్టుకుంటాయో చెప్పండని అడిగింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. సముద్రం మీద చోటుకి గుర్తు పెట్టడానికి మైలురాళ్లుండవు. ఒడ్డు మీద కనిపించే రెండు వస్తువులు ఒకదాని వెనక ఒకటి సరిగ్గా నిలబడేలా చూసుకుంటారు. అదొక గీత. ఇంకో పక్క ఇంకో జత చూసుకుంటారు. అదింకో గీత. రెండూ కలిసేచోటు గురి. మంచి గురి ఉన్నవాడి ఇంట్లో పొయ్యి ఆరదు.

ముసలాళ్లు టీ తాగారు. ఒకాయన లైట్‌హౌసు వెనక ఐసు ఫ్యాక్టరీ గొట్టం అన్నాడు. ఇంకొకాయన మీసం మీద టీ తుడుచుకుని, ఆసుపత్రి మేడ మీద రేడియో స్తంభం అన్నాడు. దబ్బనమ్మ కూతురి మామగారు కూడా వచ్చాడు. వియ్యంకుడు కదా, ముందువరసలో కుర్చీ వేసింది.

"చెల్లెమ్మగారు అడిగాక దాపరికం ఏముంటుంది? నీళ్ల ట్యాంకు మీదికి గడియార స్తంభం రావాలి, రెండో పక్క లైట్‌హౌసు మీదికి పాత గోడౌను. అక్కడ నా వల ఎప్పుడూ తట్టుకుంటుంది," అన్నాడాయన గుండె మీద చెయ్యి వేసుకుని.

సర్వే పడవ ఈ గురులన్నీ తిరిగింది. దబ్బనమ్మ ప్రతిసారీ పడవలోనే ఉంది. ఒకచోట ఇసక. ఇంకోచోట ఇసక. ఆసుపత్రి మేడ గురిలో ఒక లారీ టైరు కనిపించింది, దాని చుట్టూ ఇసక. వియ్యంకుడి గురిలో ఇసక ఎంత చదునుగా ఉందంటే చాప పరుచుకుని పడుకోవచ్చు.

ఆఫీసరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. మళ్లీ పెట్టుకున్నాడు. మళ్లీ తీశాడు.

"అమ్మగారూ, ఒక్క మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. మీవాళ్ల వలలు ఇసకకి తట్టుకుంటాయా?"

"నన్నడుగుతారేంటి? వాళ్లనడగండి!"

"అడిగింది మీరే కదండీ. రేపు ఒక్క పూటే మాకు ఖాళీ. ఎల్లుండి పొద్దున వెళ్లిపోతున్నాం."

ఒడ్డు మీద జనం అప్పుడే నవ్వుతున్నారు. "మిల్లు పడవ దొరికిందా దబ్బనమ్మా? ఏ రేవులో పిండి పడుతోందట?" అన్నాడు ఐసు బండివాడు. వాడి తండ్రి పుట్టకముందటి జోకు అది. ఆవిడ ఏదో అనబోయి, నాలుక మడుచుకుని షెడ్డులోకి వచ్చి పనిలో కూర్చుంది. వేలికి సూది గుచ్చుకుంది. నలభై ఏళ్లలో అలా జరగలేదు. ఒళ్లు ఇంకా మండింది.

ఒళ్లో ఉన్న వల వియ్యంకుడిది. ఆయన వలలు ఎప్పుడూ ఒకేలా వస్తాయి. కింది అంచు చిరిగి, చిరిగినచోట ఎర్రగా తుప్పు. "మీ మామగారు పాతసామాన్ల కొట్టు మీద వలేస్తారటే?" అని కూతుర్ని ఎన్నిసార్లు దెప్పిందో లెక్కలేదు. తుప్పు తగిలిన వల కళ్లు కోసేసి, కొత్త కళ్లు అల్లి పంపించడం, ఇంతే ఆవిడ పని. అలవాటు చొప్పున తుప్పు ముక్క కోసి చెత్తబుట్టలో పడెయ్యబోయింది. ముడిలో ఏదో ఇరుక్కుని ఉంది. నల్లటి చెక్కపేడు, వేలంత. దానికి పచ్చగా చిలుము పట్టిన రాగి మేకు.

ఇప్పటి పడవల్లో రాగి మేకులు ఎక్కడివి?

చెత్తబుట్ట వైపు చూసింది. ఇలాంటి పేళ్లు ఇదివరకు ఎన్ని అందులో పడేసిందో! చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికిన సామెత తన కోసమే పుట్టిందేమో. తుప్పు ఇక్కడ ఉంటే, వియ్యంకుడు చెప్పినచోట ఇసక ఉండటమేంటి? అప్పుడు వెలిగింది ఆవిడకి. వెలిగాక, ఇంతసేపూ వెలగనందుకు తన నెత్తి మీద తనే ఒకటి మొట్టుకుంది.

ఈ రేవులో గురి నిజం చెప్పినవాడు పుట్టలేదు. అడిగితే కాదనరు, నవ్వుతూ చెబుతారు, అసలు గుర్తుని ఒక గొట్టం పక్కకి జరిపి చెబుతారు. అబద్ధమని చెప్పేవాడికీ తెలుసు, వినేవాడికీ తెలుసు. పొమ్మనలేక పొగబెట్టినట్టు, అదొక మర్యాద. ఆవిడ మొగుడు బతికున్నంత కాలం పెళ్లానికి కూడా జరిపే చెప్పాడు. ఇదంతా పుట్టుకతో తెలిసిన మనిషి, టీలు ఇప్పించి, ముసలాళ్లు చెప్పింది చెప్పినట్టు కాగితం మీద ఎక్కించి సర్వే ఆఫీసరు చేతిలో పెట్టింది!

వల భుజాన వేసుకుని నేరుగా వియ్యంకుడి మేడకి నడిచింది. ఆయన మేడ మెట్ల కింద కూర్చుని, వల పై అంచు మునగకుండా తేలుబెండ్లు కడుతున్నాడు. కూతురు లోపల్నుంచి వచ్చి, తల్లి మొహం చూసి, గుమ్మంలోనే ఆగిపోయింది.

"అన్నయ్యగారూ, మీ గురి నీళ్ల ట్యాంకు మీద గడియార స్తంభమేనా?"

"అదే కదా చెప్పాను చెల్లెమ్మగారూ. కూర్చోండి. అమ్మాయ్, అమ్మకి మంచినీళ్లు..."

"అక్కడ ఇసక. మీ వలకి తుప్పు. ఇసకకి తుప్పు పడుతుందటండీ?"

వియ్యంకుడు తేలుబెండుని అటూ ఇటూ తిప్పి చూశాడు, జవాబు దాని మీద రాసి ఉన్నట్టు.

"సముద్రం కదండీ. ఎన్నో ఉంటాయి."

"ఈ రాగి మేకు కూడా ఉంటుందా?"

తేలు కుట్టిన దొంగలా మొహం తిప్పుకున్నాడు. ఆ తర్వాత కోపం తెచ్చుకున్నాడు. తప్పు చేసిన మగవాడికి అదే దారి.

"గురి చెప్పేవాడు ఎవడున్నాడండీ ఈ రేవులో? ఆ లైట్‌హౌసు ముసలాయన చెప్పాడా? ఆ మీసాలాయన చెప్పాడా? నేనొక్కణ్ణే దొరికానా మీకు? మా నాన్న నాకు పెళ్లయ్యాక చూపించాడు. అప్పటిదాకా కొడుకునని కూడా నమ్మలేదు!"

"నేను మీ చేపలు అడగటం లేదు. మా తాతని అడుగుతున్నాను."

"అక్కడున్నది మీ తాతేనని ఎవరన్నారు?"

"మరి ఎవరున్నారో మీకు తెలుసా?"

"తెలుసుకోవడానికి నేనేమైనా చేపనా? అడుగున ఏదో ఉంది. అంచు మీద వల వెయ్యి, లోపలికి పోకు అన్నాడు మా నాన్న. అంచు మీదే వేస్తాను. చేపలు పడతాయి. రెండో పడవ కొన్నాను, మేడ లేచింది. ఇంతకన్నా నాకేం తెలీదు, ఒట్టు."

"అయితే ఈ మేడ మా తాత కట్టించాడన్నమాట," అంది దబ్బనమ్మ, తలెత్తి మేడంతా కలియజూస్తూ. "పిల్లనిచ్చి కాళ్లు కడిగాం, సరిపోలేదని ముందే మేడ కూడా ఇచ్చాం."

కూతురికి నవ్వాగలేదు. "మామయ్యా, చెప్పెయ్యండి."

"నువ్వూరుకోవమ్మా. రేపు నీ కొడుక్కి ఏం మిగులుతుంది?"

"వాడికి వాడి మునిముత్తాత మిగులుతాడు. బడిలో ఎవడైనా వాణ్ణి పారిపోయినాయన వంశమా అంటే మీరు ఊరుకుంటారా?"

ఆయన బెండు కింద పెట్టాడు. మనవడి మాటొచ్చేసరికి మింగలేక కక్కలేక అయిపోయింది ముసలాయనకి. చాలాసేపు గొణిగాడు. ఆఖరికి తన షరతులు చెప్పాడు. నోటితో చెప్పడు. కాగితం మీద రాయడు. సర్వే పడవకి చుక్కాని తనే పడతాడు. ఆ పడవలో చోటు చూపించే టీవీ ఏదో ఉందట కదా, దాని మీద గుడ్డ కప్పాలి.

మర్నాడు మధ్యాహ్నం ఆఫీసరుకి ఈ షరతు చెబితే నోరు తెరిచాడు.

"గుడ్డ కప్పితే ఏమవుతుందండీ? లోపల మిషన్లో ఎలాగూ రికార్డు..."

దబ్బనమ్మ ఆయన కాలు తొక్కింది. గట్టిగానే. ఆఫీసరు మిగతా మాట మింగేశాడు. వియ్యంకుడు తన భుజం మీది తువ్వాలు తీసి టీవీ మీద శ్రద్ధగా కప్పి, నాలుగు మూలలూ సర్ది, సంతృప్తిగా చుక్కాని పట్టుకున్నాడు.

నేరుగా వెళ్తే ఆయన ఆయనెలా అవుతాడు! ఒడ్డు మీద ఎవరైనా చూస్తారని ముందు ఉత్తరానికి తిప్పాడు. తర్వాత దక్షిణానికి. వెనక ఒక చిన్న పడవ వస్తోందని ఆపి, వల వేస్తున్నట్టు నటించాడు. ఆ పడవవాడు ఆయన తమ్ముడే.

"అన్నయ్యగారూ, చీకటి పడేలోగా వెళ్తామా?"

"తొందరపడితే ఎలా? మా నాన్న నాకు మూడుసార్లు తిప్పి చూపించాడు."

"మీ నాన్నగారి పడవలో తెల్లారితే ఊరొదిలి వెళ్లిపోయే ఆఫీసరు లేడు కదా!"

 ఆఫీసరు కళ్లజోడు తుడుచుకుంటున్నాడు.

ఎట్టకేలకి వియ్యంకుడు ఒడ్డు వైపు కన్ను గీటినట్టు చూసి, ఇంకోవైపు చూసి, ఇంజను తగ్గించి, "ఊఁ" అన్నాడు.  నీళ్ల ట్యాంకూ గడియార స్తంభమూ ఒకదానికొకటి ఆమడ దూరంలో ఉన్నాయి.

అడుగు చూపించే రెండో టీవీ మీద మొదట ఇసక వచ్చింది. దబ్బనమ్మ పళ్లు కొరికింది. ఆ తర్వాత ఇసకలోంచి నల్లగా ఒక గీత లేచింది, దాని పక్కన ఇంకొకటి, చేప ముల్లులా వరసగా. ఆఫీసరు ముందుకి వంగాడు.

"చెక్క పడవ. చాలా పాతది." మాట తగ్గించి, కెమెరా దింపమని మనుషులకి చెప్పాడు.

తీగ చివర కట్టిన కెమెరా కిందికి దిగుతోంది. పచ్చటి నీళ్లు. చేపలే చేపలు, తెర నిండా. వియ్యంకుడు వాటిని చూసి చిన్నగా మూలిగాడు. చేపలు పక్కకి తప్పుకున్నాయి. పాత వలల పీలికలు వేలాడుతున్నాయి. వాటిలో దబ్బనం ముడులు కూడా ఉండి ఉంటాయి. వాటి వెనక, నాచు పట్టి, గుల్లలు పట్టి, బండి చక్రమంత ఇనప చక్రం. దాని పక్కన ఇంజను.

ఆఫీసరు అర్థంకాక చూశాడు. "ఇదేంటి, ఇంత చక్రం పడవలో ఎందుకుంది?"

 చిన్నప్పటి నుంచీ ఆ జోకు వేసినవాడే అయినా, వియ్యంకుడే ముందన్నాడు.

"మిల్లు చక్రం."

కెమెరా ముందు భాగం వైపు జరిగింది. అక్కడ్నుంచి ఒక గొలుసు, ఇసకలోకి బిగుసుకుని సాగి ఉంది. ఆఫీసరు దాన్ని వేలితో చూపించాడు. లంగరు వేసి ఉంది. ఇంజను ఆగిపోయి ఉంటుంది, గాలి తగ్గేదాకా నిలబడదామని లంగరు వేసి ఉంటారు, తగ్గలేదు. మనిషి ఆనవాలు ఇన్నేళ్లకి ఏమీ ఉండదని ఆయన మెల్లగా చెప్పాడు.

పారిపోయేవాడు లంగరు వేస్తాడా?

"చెల్లెమ్మగారూ..." వియ్యంకుడు మోచేత్తో కళ్లు తుడుచుకున్నాడు. "ఇన్నేళ్లూ నేను ఆయన నెత్తి మీదే..."

"ఏడవకండి అన్నయ్యగారూ, ఎవరైనా చూస్తే ఇక్కడేదో ఉందనుకుంటారు," అంది దబ్బనమ్మ మొహం పక్కకి తిప్పుకుని. "గాలి మారుతోంది. పడవ తిప్పండి."

ఆయన బుద్ధిగా తిప్పాడు. తిప్పేముందు టీవీ మీద తువ్వాలు జారలేదు కదా అని ఒకసారి చూసుకున్నాడు.

ఆఫీసరు ఆ బొమ్మలు కాగితం మీద తీసిచ్చాడు. సెక్రటరీ వాటిని చూసి, "నేనెప్పుడో అనుకున్నాను పిన్నిగారూ, ఆయన అలాంటి మనిషి కాదని," అన్నాడు. దబ్బనమ్మకి వాణ్ణి తిట్టే ఓపిక కూడా మిగల్లేదు. ఇంకా ఇంట్లో ఒక మనిషికి చెప్పాలి.

తల్లి గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుని ఉంది. బొమ్మలు చేతికిస్తే కంటికి దగ్గరగా, దూరంగా పెట్టి చూసింది.

"ఎవరి పడవో ఏమో."

"అమ్మా, పడవలో మిల్లు చక్రం ఇంకెవడు పెట్టుకుంటాడు?"

"అమ్మేశాడు కదా. కొన్నవాడు ముంచుకుని ఉంటాడు."

దబ్బనమ్మ తల పట్టుకుంది. "కొన్నవాడు మన రేవు ముందుకొచ్చి ముంచుకున్నాడా? మనూరు కనిపిస్తుందమ్మా అక్కణ్ణుంచి. లైట్‌హౌసు కనిపిస్తుంది. లంగరు వేసి కూర్చున్నాడు. ఇంటికి రావడానికే కూర్చున్నాడు!"

తల్లి బొమ్మని ఒళ్లో పెట్టుకుంది.  దాన్ని చేత్తో ఒకసారి నిమిరి, మొహం ఎర్రగా చేసుకుని కూతురి మీద పడింది.

"మరి ఆ బంగారు పన్నుదెవత్తి?"

"ఎవత్తీ లేదు!"

"లేకపోతే నేను ఇన్నేళ్లూ తిట్టింది ఎవర్నే? దానికి కాళ్లు పడిపోవాలని రోజూ అనుకునేదాన్ని. ఆయన్ని అయితే..." ఆగిపోయింది. బొమ్మని బోర్లా తిప్పింది. "ముందే వెతకొచ్చు కదా! షెడ్డు అంటావు, ఫ్యాను అంటావు, ముడి అంటావు. ముందు ఈ పని చెయ్యడానికేం?"

దబ్బనమ్మకి నోటి చివరిదాకా నాలుగు మాటలొచ్చాయి. తల్లి ఒళ్లో ఉన్న చేతుల్ని చూసి నాలుగూ వెనక్కి పంపింది.

"తప్పయిందిలే అమ్మా."

"ఆకలేసి ఉంటుంది," అంది తల్లి. "పనివాళ్లు రాకముందే వెళ్లాడు. ఏమీ తినలేదు. నేను లేచి చూసేసరికే లేడు."

సోమవారం రాళ్లు చెక్కేవాడి దగ్గరికి తల్లి తనే వస్తానంది. వద్దమ్మా, నేను చెప్పొస్తానంటే వినలేదు. కొత్త చీర కట్టుకుని, ఆటోలో దారంతా డ్రైవరు గతుకుల్లో నడుపుతున్నాడని పోట్లాడుతూ వచ్చింది. రాళ్ల దుకాణం రేవు వీధిలోనే, ఎదురుగా ఐసు ఫ్యాక్టరీ, పక్కన టీ కొట్టు. పలక నిలబెట్టి ఉంది. సుత్తి చప్పుళ్లతో, రాయి కోసే మిషను గోలతో చెవులు చిల్లులు పడుతున్నాయి. చెక్కేవాడు మొహం నిండా తెల్లటి దుమ్ముతో తలెత్తి, "పేరు?" అని అడిగాడు.

దబ్బనమ్మ చెప్పబోయింది. తల్లి ఆవిడ చేతి మీద ఒకటేసింది. పలక ముందుకి నడిచి, ఏళ్ల తరబడి ఇంట్లో ఎవరూ వినని ఆ పేరు చెప్పింది. పక్కనున్న దబ్బనమ్మకే సరిగ్గా వినపడలేదు.

"వినపడలేదు మామ్మగారూ!"

మళ్లీ చెప్పింది.

"ఆ మిషను గోలండీ! గట్టిగా!"

"మిషను ఆపు మరి! పేరు అడిగేవాడివి మిషను ఆపి అడగలేవా? చెవులున్నాయా, అవి కూడా రాళ్లతో చెక్కుకున్నావా?" అని అరిచి, అదే ఊపులో, అదే కోపంలో, ఇంటిపేరుతో సహా తండ్రి పేరు నాలుగిళ్ల దాకా వినపడేలా కేకేసింది.

అదే క్షణాన ఎవరో మిషను ఆపారు. ఐసు బండివాడు తలెత్తాడు. టీ కొట్టు ముందు గ్లాసులు పట్టుకున్న ముసలాళ్లు వెనక్కి తిరిగారు. పిండి జోకు ఎవరికీ గుర్తురాలేదు.

"ఆఁ, ఇప్పుడు వినపడింది," అన్నాడు చెక్కేవాడు, పెన్సిలు తీసుకుంటూ.

"వినపడిందా? ఏదీ, నువ్వు చెప్పు చూద్దాం," అంది ఆవిడ. "తప్పుల్లేకుండా. మొత్తం."